నాపరాతి వాకిట్లో యాసిడ్ పోయకండి

బండి నిలిపే చోట ఇంజిన్ ఆయిల్ కారి నల్లటి మరక పడుతుంది. సబ్బునీళ్లతో కడిగితే పోదు. ఇంకోసారి గట్టిగా రుద్దినా పోదు. అప్పుడు బాత్‌రూంలో ఉన్న యాసిడ్ సీసా బయటికి వస్తుంది. దసరా దగ్గరపడినా, ఇంట్లో పెళ్లి పనులు మొదలైనా, కొత్త ఇంటికి గృహప్రవేశం పెట్టుకున్నా తాండూరు, వికారాబాద్ వైపు ఎన్నో ఇళ్ల ముందు జరిగే పనే ఇది. ఇది వెంటనే ఆగాలి. యాసిడ్ నూనెను కరిగించదు. అది కరిగించేది మన బండను, కాల్చేది పోసినవాళ్ల చేతులను, కళ్లను, ఊపిరితిత్తులను.

మన కాళ్ల కింద ఉన్నది ఏ రాయో ముందు తెలుసుకోవాలి. తాండూరు నీలి బండ, పసుపు బండ, పక్కనే కర్ణాటకలో దొరికే షాబాద్ బండ అన్నీ నాపరాళ్లే, అంటే సున్నపురాయే. భూగర్భ శాస్త్రం ప్రకారం ఇవి భీమా శిలాసమూహానికి చెందినవి. కోట్ల ఏళ్ల కింద నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి కాబట్టే పలకలుగా లేస్తుంది. కరన్‌కోట్‌లో సిమెంటు కార్పొరేషన్ ఫ్యాక్టరీ వెలిసిందీ ఈ సున్నపురాయి కోసమే. ఓగిపూర్, మల్కాపూర్ గనుల్లో బండలుగా కోసి, పాలిష్ పట్టి, లారీలకెత్తి దేశమంతా పంపుతున్నదీ ఈ రాయినే. ఈ రాతిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. బాత్‌రూం యాసిడ్ పేరుతో మనం కొనేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ రెండూ కలిస్తే ఏం జరుగుతుందో పదో తరగతి సైన్సు పుస్తకం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. బుసబుసమని నురగ లేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది, రాయి కరుగుతుంది.

ఆ నురగే మనల్ని మోసం చేస్తోంది. మురికి పొంగి పోతోందని అనుకుంటున్నాం. లెక్క వేసి చూడండి. 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను తినేస్తుంది. 30 శాతం గాఢత ఉన్న యాసిడ్ ఒక లీటరు పోస్తే దాదాపు అరకిలో రాయి కరిగి కాలువలోకి పోతుంది. నూనె మీద మాత్రం దాని ప్రభావం ఏమీ ఉండదు. మరక తగ్గినట్టు కనిపించిందంటే, మరక పట్టిన పైపొర కరిగిపోయిందన్నమాట. పాలిష్ పోయి గరుకుదేలిన ఆ చోట మళ్లీ రెండు చుక్కల ఆయిల్ పడితే మునుపటికన్నా తొందరగా, మునుపటికన్నా లోతుగా పీల్చుకుంటుంది. బండల మధ్య సందుల్లో నింపిన సిమెంటు కూడా యాసిడ్‌కు పొడిపొడి అయిపోతుంది, ఆ సందుల్లోంచి నీళ్లు కిందికి దిగి బండలు కదులుతాయి. పైగా ఈ చర్యలో మిగిలే కాల్షియం క్లోరైడ్ గాల్లో తేమను లాక్కునే లవణం. బాగా కడగకపోతే ఆ చోటు ఎప్పుడూ చెమ్మగా ఉండి దుమ్ము పట్టి, మరక ఉన్నప్పటికన్నా అసహ్యంగా తయారవుతుంది.

నిమ్మఉప్పు, వెనిగర్, చింతపండు పులుసు కూడా ఆమ్లాలే. ఇత్తడి బిందెకు చింతపండు మంచిదే, నాపరాతికి కాదు. ఇవి మెల్లగా చేసినా అదే పని చేస్తాయి.

కొత్త ఇల్లు కట్టాక బండల మీద పడిన సిమెంటు చారలు పోవడానికి 'యాసిడ్ వాష్' చేయిస్తుంటారు. మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు గట్టిగా చెప్పవలసిన మాట ఇది. గ్రానైట్ మీద నడిచే పద్ధతిని నాపరాతి మీదికి తేకండి. యజమాని లక్షలు పోసి చేయించుకున్న పాలిష్ ఒక్క పూటలో చచ్చిపోతుంది. ఆ యాసిడ్ పోసేది కూడా చాలాసార్లు చెప్పుల్లేని కాళ్లతో, ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకున్న కూలీ మహిళే.

రాయి పోతే మార్చుకోవచ్చు. మనుషులకు జరిగే నష్టం అలాంటిది కాదు. మన వీధుల్లో యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ఒకే బండి మీద అమ్మకానికి వస్తాయి, ఇంట్లో కూడా ఒకే మూల పక్కపక్కన చేరతాయి. యాసిడ్‌తో మరక పోలేదని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లున్నారు. రెండూ కలిసిన క్షణంలో క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రు సైనికుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది. మూడు వైపులా గోడలున్న పోర్టికోలో వంగి నేల రుద్దుతున్న మనిషి ముఖం, ఆ పక్కన ఆడుకుంటున్న పసిబిడ్డ ముఖం ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే. కళ్లు మండి, దగ్గు వచ్చి, కాసేపటికి తగ్గిందనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. 'ఇప్పుడు బాగానే ఉంది' అని ఇంట్లో పడుకోబెట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఏమీ కలపకుండా వట్టి యాసిడ్ పోసినా దాని ఆవిరి ఊరుకోదు. గేటు తుప్పు పడుతుంది. పక్కన నిలిపిన కారు, బైకు బ్రేకు డిస్కులకు, సైలెన్సర్‌కు, బోల్టులకు తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం అలాయ్ వీల్ మీద చింది పడితే ఆ మచ్చ ఇక పోదు.

పెట్రోలు పోసే అలవాటు ఇంకా భయంకరమైనది. నూనెకు నూనే మందు అనే ఆలోచన దాని వెనుక ఉంది. పెట్రోలు ఆయిల్‌ను పలచన చేస్తుంది, నిజమే. పలచబడ్డ ఆ ఆయిల్ మూరెడు మరకను బారెడు చేస్తూ, సందుల్లోకి, పొరల్లోకి దిగుతుంది. పెట్రోలు ఆవిరి సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన, చలికాలపు తెల్లవారుజామున కూడా అంటుకోగలదు. అది కూడా గాలికన్నా బరువే. వాకిట్లో పోసిన పెట్రోలు ఆవిరి నేల వెంట పాకి తులసికోట దగ్గరి దీపాన్నో, వంటింటి పొయ్యినో, పక్కింటి వ్యక్తి వెలిగించిన బీడీనో చేరుకుంటే మంట వెనక్కి పరుగెత్తుకొస్తుంది. థిన్నర్‌కూ ఇదే వర్తిస్తుంది. కిరోసిన్ అంత త్వరగా అంటుకోకపోయినా తగులబడేదే. ఇళ్ల మధ్య, మూసిన పోర్టికోలో ఈ మూడింటిలో ఏదీ వద్దు.

మరి ఆ మరకను ఏం చేయాలి? ఆయిల్ అప్పుడే పడిందంటే నీళ్లు పోయకండి, గుడ్డతో తుడవకండి. తుడిస్తే పాముకుంటుంది. రంపపు పొట్టు, పొడి మట్టి, ముల్తానీ మట్టి, ఏది ఉంటే అది మందంగా చల్లి కాలితో మెల్లగా అదిమి వదిలేయండి. రెండు మూడు గంటల తర్వాత ఊడ్చి ఎత్తి, మళ్లీ ఒకసారి చల్లండి. వేడి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కలిపి, కొబ్బరి పీచుతోనో ప్లాస్టిక్ బ్రష్‌తోనో రుద్ది కడగండి. ఇనుప బ్రష్ వాడొద్దు, గీతలు పడటమే కాక రాలిన ఇనుప ముక్కలు తుప్పు మచ్చలవుతాయి.

పాత మరకకు పిండికట్టు వేయాలి. రాతి పని తెలిసినవాళ్లు ప్రపంచమంతటా పాటించే పద్ధతే ఇది, దానికి కావలసిన సరుకు మన ఊళ్లోనే గుట్టలుగా పడి ఉంది. పాలిషింగ్ యూనిట్ల బయట పోసే సుద్ద, అంటే నాపరాతి పొడి, బాగా ఎండినది తెచ్చి జల్లించండి. జల్లించేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. సుద్ద దొరకకపోతే ముల్తానీ మట్టి చాలు. రెండు చెంచాల చాకలి సోడా, కొంచెం లిక్విడ్ సబ్బు వేడి నీళ్లలో కలిపి, ఆ నీళ్లతో పొడిని దోసెపిండికన్నా గట్టిగా కలపండి. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి, చాకలి సోడా చర్మాన్ని పగలగొడుతుంది. ఆ ముద్దను మరక మీద, దాని చుట్టూ రెండంగుళాల మేర, వేలి మందాన పరచి ప్లాస్టిక్ కవర్ కప్పి అంచులకు రాళ్లు పెట్టండి. ఒక రోజు తర్వాత కవర్ తీసి పూర్తిగా ఎండనివ్వండి. తేమ పైకి లేస్తూ రాతిలోని నూనెను తనతో పొడిలోకి లాక్కొస్తుంది. ఎండిన పెచ్చును చెక్క ముక్కతో లేపేయండి, రుద్దకండి. మొదటిసారి మరక సగం తగ్గవచ్చు, రెండోసారి, మూడోసారి వేయాల్సి రావచ్చు. ఏళ్ల తరబడి నానిన మరకకు నీడలాంటి ఛాయ మిగిలిపోతుంది కూడా. ఆ ఛాయతో బతకొచ్చు. యాసిడ్ కాల్చిన కంటితో బతకడం కష్టం.

క్షారాలకు నాపరాయి చెక్కుచెదరదు కాబట్టే సబ్బు, సోడా దానికి సరిపోతాయి. అసలు మందు మాత్రం మెకానిక్ దగ్గర ఉంది. ఆయిల్ కారుతున్న బండికి గాస్కెట్టో, సీలో, డ్రెయిన్ బోల్టు వాషరో మార్పించండి. అంతవరకు బండి కింద పాత ట్రే ఒకటి పెట్టండి.

మరక పట్టిన పొట్టును, పెచ్చులను మోరీలో వేయకండి, పొయ్యిలో కాల్చకండి. కవర్‌లో కట్టి పొడి చెత్తతో కలవకుండా విడిగా ఇవ్వండి. ఇంజిన్‌లో వాడేసిన ఆయిల్‌లో లోహపు రజను, కాన్సర్ కారక రసాయనాలు ఉంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం ఒక గాలన్ వాడేసిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచేయగలదు. మన వాకిలి నీళ్లు మోరీలోకి, మోరీ నీళ్లు వాగులోకి, అక్కడి నుంచి కాగ్నా నదిలోకి పోతాయి. తాండూరు గొంతు తడిపింది కాగ్నాయే. అది భీమాలో, భీమా కృష్ణలో కలుస్తుంది. దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడేసిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. మెకానిక్ షెడ్ల ముందు నేల ఏ రంగులో ఉందో చూస్తే ఆ నిబంధన ఎంత అమలవుతోందో తెలిసిపోతుంది. మున్సిపాలిటీ ఆ షెడ్ల దగ్గర డ్రమ్ములు పెట్టించి, వాటిని ఎవరు ఎత్తుతున్నారో లెక్క అడగాలి. చిన్న మెకానిక్‌కు జరిమానా వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, ఆయిల్ అప్పగించే చోటును అతనికి చూపించాలి.

ఇక బండి ఒంటి మీద జరిగే పని. వాకిలి కడిగిన చేతులతోనే పండుగకు కారుకు మెరుగు పెడతారు. సర్వీసింగ్ సెంటర్లలో ఈమధ్య 'గ్లేజ్ వేస్తాం సార్, కొత్తదానిలా అవుతుంది' అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. గ్లేజ్ అంటే ఏమిటో తెలిసి డబ్బు పెట్టండి. చాలా గ్లేజుల్లో ఉండేవి నూనెలు, సన్నటి పూడిక పదార్థాలు. రోడ్డు గుంతలో మట్టి పోసి చదును చేసినట్టు అవి పెయింటు మీది సన్నగీతలను పూడ్చి వెలుగు సమంగా పడేలా చేస్తాయి. గీత అలాగే ఉంటుంది. నాలుగు వానలు పడితే, నాలుగుసార్లు షాంపూతో కడిగితే పూడిక కొట్టుకుపోయి గీతలన్నీ తిరిగి తేలతాయి. ఎండ నుంచి గానీ, పక్షి రెట్ట నుంచి గానీ గ్లేజ్ పెద్దగా కాపాడదు. ఆ పని మైనానిది, సీలెంట్‌ది. గ్లేజ్ పూసిన పెయింటు మీద సిరామిక్ కోటింగ్ సరిగా అతుక్కోదు, ఆ నూనెను పూర్తిగా తీసేయకుండా కోటింగ్ వేస్తే వేలకు వేలు వృథా. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇంకో మాట. మిలమిల మెరిసే కారును చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. షాంపూతో కడిగించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో పక్క నుంచి చూడండి.

అయినా మన ప్రాంతంలో గ్లేజ్ కన్నా పెద్ద శత్రువు దుమ్ము. గనుల దుమ్ము, సుద్ద దుమ్ము, సిమెంటు దుమ్ము, లారీలు లేపే రోడ్డు దుమ్ము అన్నీ రాత్రికి రాత్రి కారు మీద పేరుకుంటాయి. కారు రంగుకు పైన కాపలాగా ఉండే క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కన్నా తక్కువ. సున్నపురాతి పొడి ఆ కోటు కన్నా గట్టిది, రోడ్డు దుమ్ములోని ఇసుక రేణువు ఇంకా గట్టిది. పొద్దున్నే పొడిగుడ్డతో కారు తుడిచే డ్రైవరు తెలియక చేస్తున్నది ఉప్పుకాగితంతో రుద్దడమే. ఆ దుమ్ము మీదే గ్లేజ్ పోసి మర్దనా చేస్తే గీతలు పూడ్చడానికి చేసిన పనే కొత్త గీతలు గీస్తుంది. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్మును జారనివ్వండి. ఆ తర్వాత కారు షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, గుడ్డ జాడించడానికి వేరే బకెట్. నీడలో, బానెట్ చల్లబడ్డాక చేయండి. సిమెంటు దుమ్ము క్షారగుణం కలది. మంచుకు తడిసి ఎండితే గడ్డకట్టి పెయింటును పట్టుకుంటుంది. దాన్ని గోటితో, బ్లేడుతో గీకకండి.

ప్రాణం మీదికి తెచ్చేది ఇంకొకటుంది. మెరుపు కోసం గ్లేజ్, పాలిష్, డీజిల్ ఏదైనా సరే బ్రేకు డిస్కు మీద, టైరు రోడ్డును తాకే భాగం మీద, బైకు సీటు మీద, ఫుట్‌రెస్ట్ మీద పడకూడదు. నూనె పట్టిన డిస్కును బ్రేకు ప్యాడ్ పట్టుకోలేదు, అవసరమైన చోట బండి ఆగదు. అనంతగిరి ఘాట్ మలుపుల్లో దిగుతున్నప్పుడు ఆ సంగతి తెలిస్తే ఏం లాభం? ముందు అద్దం మీద నూనె పొర ఉంటే రాత్రి ఎదురు లారీ లైటు అద్దమంతా చెదిరి రోడ్డు కనిపించదు. నీళ్లతో కడిగాక బండికి డీజిల్ స్ప్రే కొట్టించుకోవడం చాలా చోట్ల మామూలైపోయింది. డీజిల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. బుష్‌లు, పైపులు, టైర్లు త్వరగా పాడవుతాయి. దాని జిడ్డుకు మరునాటికే రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది, మిగిలిన డీజిల్ మీ నాపరాతి వాకిట్లో మరకై కారుతుంది. సర్వీసింగ్ కుర్రాడు స్ప్రే అందుకోబోతుంటే 'డీజిల్ వద్దు బాబూ' అని ముందే చెప్పండి.

మళ్లీ యాసిడ్ దగ్గరికి వస్తే, దాని అమ్మకం విషయంలో చట్టం మౌనంగా ఏమీ లేదు. యాసిడ్ దాడి బాధితురాలు వేసిన కేసులో 2013 జులై 18న సుప్రీంకోర్టు స్పష్టంగా ఆదేశించింది. కొనేవాళ్ల వివరాలు, ఎందుకు కొంటున్నారో రిజిస్టరులో రాయకుండా అమ్మకూడదు. ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు చూడాలి. 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మనే కూడదు. దుకాణదారు తన దగ్గరున్న నిల్వను అధికారులకు తెలపాలి. తప్పితే 50,000 రూపాయల దాకా జరిమానా. పన్నెండేళ్లు దాటినా లేబుల్ లేని సీసాలో, గాఢత ఎంతో ఎవరికీ తెలియని యాసిడ్‌ను మన వీధిలో కేక వేసి అమ్ముతున్నారు. రెవెన్యూ, పోలీసు అధికారులు ఒక్కసారి తాండూరు బజారులో నడిచి చూడాలి. కిరాణా దుకాణదారులు ఎవరి తనిఖీ కోసమూ ఆగకుండా లూజు యాసిడ్ అమ్మకం మానాలి.

ఇంట్లో యాసిడ్, పెట్రోలు, థిన్నర్ ఏదైనా తాగునీటి సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచితే ఇవాళే తీసేయండి. ఎండాకాలం ఆడుకుని దాహంతో వచ్చిన పిల్లవాడు రంగు చూడడు, మూత తీస్తాడు.

యాసిడ్ ఒంటి మీద పడితే ఆ బట్టలు విప్పేసి పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగండి. కంట్లో పడితే రెప్పలు తెరిచిపెట్టి అంతసేపూ నీళ్లు పోస్తూనే ఉండండి. వంటసోడా, సున్నం, నూనె, పేస్టు రాయకండి. మింగితే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్లు తాగించవద్దు. పెట్రోలు, కిరోసిన్ తాగినా అంతే, వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంటికి, ఒంటికి నీళ్లు పోయడం మొదలుపెట్టాకే మరొకరితో 108కు ఫోన్ చేయించండి, ఏ రసాయనమో చూపించడానికి ఆ సీసాను వెంట తీసుకెళ్లండి.

చివరిగా ఇంటి యజమానులకు, గృహిణులకు ఒక విన్నపం. వాకిలి కడగడానికి వచ్చే మనిషి 'యాసిడ్ ఉందా అమ్మా, రుద్దుతా' అని తానే అడిగినా ఇవ్వకండి. మరక ఉండనీ అని చెప్పండి. ఆమె చేతికి రబ్బరు తొడుగులు, ఒక బకెట్ వేడి సబ్బునీళ్లు, ఒక బ్రష్ ఇవ్వండి. ఈ వారమే మీ ఇంట్లోని యాసిడ్ సీసాను పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచండి, మళ్లీ కొనకండి.